నీడ వైపు నిలబడి

మా మేనత్త పోయి ఏడాది అయింది. పెద్దకర్మ నాడు దండ వెయ్యడానికి ఫోటో కావాలంటే ఇల్లంతా వెతికాం. దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి పెట్టారు. పాతికేళ్ల పైన ఫోటో స్టూడియోలో పనిచేసిన మనిషికి ఒక్క మంచి ఫోటో లేదు. ఇదేమిటని అక్కడ ఎవరికీ అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకూ అనిపించలేదు. ఏలూరు తిరిగొచ్చాక రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే అప్పుడు తట్టింది.

"పనిచేసిన" అంటున్నాను గానీ, తాడేపల్లిగూడెంలో ఆ స్టూడియో మావయ్యది. బోర్డు మీద పేరు ఆయనది, కెమెరా ఆయనది. అత్తయ్యది "సాయం". రిఫ్లెక్టర్ పట్టుకోవడం ఆ సాయం. రిఫ్లెక్టర్ అంటే పెద్ద వస్తువేం కాదు, ఒక థర్మోకోల్ అట్ట. దాని వెనకవైపు సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితాలు ఏరి అంటించింది కూడా అత్తయ్యే.

ముఖానికి ఒక పక్కనుంచి, కాస్త ఎత్తునుంచి లైటు వేస్తే రెండో పక్క చీకటి పడుతుంది. కన్ను, చెంప, ముక్కుపుడక ఆ చీకట్లో మాయమౌతాయి. అటుపక్క ఇంకో లైటు పెట్టొచ్చు. కానీ కరెంటు ఖర్చు, ఉక్కపోత, సరిగ్గా అమరకపోతే ముక్కుకి రెండు నీడలు. అదే తెల్లటి అట్ట పట్టుకుంటే, మొదటి లైటే దానికి తగిలి మెత్తబడి నీడలోకి తిరిగొస్తుంది. తెలుపువైపు తిప్పితే మెత్తని వెలుగు, వెండివైపు తిప్పితే పదునైన వెలుగు. జానెడు ముందుకి జరిపితే చెంప తేలుతుంది, జానెడు వెనక్కి లాగితే మునుగుతుంది. ఆ జానెడు ఎంతో మావయ్య ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్యే చూసుకునేది. ఆమె కదలడం ఆపాక ఆయన "రెడీ" అనేవాడు.

ఇదంతా ఎవరు నేర్పారని అడిగితే "కొల్లేరు" అంది నవ్వుతూ. మాది కొల్లేటి లంక ఊరు. చిన్నప్పుడు దోనెలో ఎదురుగా కూర్చున్న వాళ్లమ్మ ముఖం మీద, మిట్టమధ్యాహ్నం కూడా, కళ్లకింద నీడ ఉండేది కాదట. నీళ్లమీద పడ్డ ఎండ కిందనుంచి లేచి గడ్డాన్నీ చెంపల్నీ వెలిగించేదట. గుర్రపుడెక్క కమ్ముకున్న చోటికి దోనె వెళ్లగానే ముఖం నల్లబడేదట. ఏ ఫోటోగ్రఫీ పుస్తకమూ చదవని మనిషికి ఇంతకంటే పాఠం ఏం కావాలి?

1994లో నా పెళ్లిచూపుల ఫోటో అక్కడే తీశారు. నాది చామనఛాయ కూడా కాదు, నలుపు. "కాస్త తెల్లగా రావాలి అన్నయ్యగారూ" అని మా అమ్మ మావయ్యని బతిమాలింది. ఆయన కలర్ ల్యాబుకి నెగెటివ్ పంపుతూ అలాగే చీటీ రాశాడు. ఫోటో నచ్చి వచ్చినవాళ్లు నన్ను చూసి "ఫోటోలో రంగున్న పిల్లే" అన్నారు. ఆ మాట కట్నం లెక్కలోకి ఎక్కింది. సంబంధం తప్పింది. ఇంట్లో నెల్లాళ్లు నా ఒంటిరంగు గురించే మాటలు.

తర్వాత ఒకరోజు అత్తయ్య అదే నెగెటివ్ నుంచి ఇంకో ప్రింటు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో నేను నలుపే. కానీ నీడవైపు చెంప మీది పుట్టుమచ్చ దాకా అన్నీ కనిపిస్తున్నాయి. "నీడలో ఉన్నది చూపించడానికి పట్టుకుంటానే అట్ట, నిన్ను తెల్లగా చెయ్యడానికి కాదు" అంది.

ఆ మాట బరువు చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. 1950ల నుంచి కొడాక్ సంస్థ ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే. ముదురు ఛాయలు ఫిల్ములో అణిగిపోతున్నాయని చెక్కసామాను, చాక్లెట్ కంపెనీలు ఫిర్యాదు చేశాకే కొడాక్ కదిలిందని పరిశోధకురాలు లోర్నా రోత్ రాశారు. నల్లటి మనుషుల కోసం కాదు, చాక్లెట్ల కోసం!

అట్ట పట్టుకున్నవాళ్ల పేర్లు మిగలకపోవడమూ కొత్తేం కాదు. లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. మనకి గుర్తున్నది దీన్ దయాళ్. హోమాయ్ వ్యారావాలా తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆవిడ చేతిలో కెమెరా అయినా ఉంది. మా అత్తయ్య చేతిలో ఉన్నది అట్ట.

ఇవన్నీ క్లాసులో చెబుతాను, స్త్రీల శ్రమ మీద వ్యాసాలు రాశాను. నా ఫోను నిండా ఫోటోలే. అయినా ఆమెను ఒక్కసారి కిటికీ పక్కన కూర్చోబెట్టి, అట్ట నేను పట్టుకోలేదు. సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆమె వంటింట్లో ఉంది, నేను తిని వచ్చాను.

మొన్న ఆ రెండో ప్రింటుని స్కాన్ చేయించి పెద్దది చేసి చూశాను. నా కంట్లో పైన లైటు చుక్క. దానికింద, నల్లగుడ్డు అంచున, పల్చటి తెల్లగీత. అది థర్మోకోల్ అట్ట. పట్టుకున్న మనిషి కనిపించదు. గూడెంలో ఎన్ని ఇళ్ల ఆల్బమ్‌లలో, ఎందరు ఆడవాళ్ల కళ్లలో ఆ గీత ఉందో! మీ దగ్గర పాత స్టూడియో ఫోటో ఉంటే ఒకసారి కళ్లలోకి చూడండి. అత్తయ్య ఫోటో ఏదని పిల్లలు అడిగితే ఇకమీద నేను చూపించేది ఆ గీతనే.