డెకేటర్ దారిలో ఒక శనివారం

"నానమ్మా, నాన్న పిస్తోలు ఎక్కడుందో నాకు తెలుసు" అన్నాడు ఆరేళ్ల మనవడు, పప్పన్నం తింటూ. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. అటక మీద దాచిన బెల్లం డబ్బా వీడి తండ్రికి చిన్నప్పుడు రోజూ దొరికేది. పిల్లలకు తెలియకుండా ఇంట్లో ఏదీ దాగదు.

రాత్రి కొడుకుని అడిగాను. పక్క వీధిలో దొంగలు పడ్డారని, గ్రీన్‌కార్డు వచ్చాక కొన్నాడట. క్లోజెట్ పై అరలో దుప్పట్ల కింద ఉంది, తూటాలతో సహా. నేర్చుకున్నావా అంటే మాట్లాడలేదు. టెక్సాస్‌లో కొనడానికి శిక్షణ తప్పనిసరి కాదు. 2021 సెప్టెంబరు నుంచి, వెంట పెట్టుకు తిరగడానికి కూడా చాలామందికి లైసెన్సు అక్కర్లేదు. ఊళ్లో మా నాన్నకు లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికలొస్తే పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. అది చూస్తూ పెరిగినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"శనివారం నేర్చుకోడానికి పోదాం. నేనూ వస్తా."

మావాడుండే ఫ్రిస్కో నుంచి 380 రోడ్డు మీద పడమరకు బయల్దేరాం. డెంటన్ దాటాక ఇళ్లు పలచబడి పచ్చిక బీళ్లు, ఆవుల మందలు కనిపించాయి. పిస్తోలు తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే సంచిలో, రెండూ డిక్కీలో. శిక్షకురాలు ఫోనులో చెప్పినట్టే చేశాడు. డెకేటర్ ఇంకా రాకముందే మట్టి రోడ్డులోకి తిరిగి కాల్పుల మైదానం చేరాం.

శిక్షకురాలికి నా వయసే ఉంటుంది. "ఖాళీ చేశాను" అని మావాడు పెట్టె అందించాడు. ఆవిడ గొట్టాన్ని ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపే ఉంచి పైన జారే భాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగింది. తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడింది. మావాడి ముఖం పాలిపోయింది.

వాడు చేసిన తప్పేమిటో ఆవిడ ఓపిగ్గా చూపించింది. తూటాలుండే మ్యాగజైన్ తీయకుండా ముందు స్లైడు లాగాడు. లోపలున్న తూటా బయటికి వచ్చింది, స్లైడు ముందుకు పోతూ మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి నెట్టింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అనుకున్నాడు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడు. ఆపైన కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. డమ్మీ తూటాలతో అదే పని గంటసేపు చేయించింది. నాతోనూ చేయించింది.

1976లో అరిజోనాలో శిక్షణాలయం పెట్టిన జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు సూత్రాలూ మాచేత వల్లె వేయించింది. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. నాశనం చేయదలచని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు మీట మీదికి పోకూడదు. గురి ఏమిటో, దాని వెనకేముందో తెలిసుండాలి. కాల్చిన వేడి గుల్ల కాలర్లో పడినా సరే, గొట్టం తిప్పకుండా ఓర్చుకోవాలట. చెవులకు మఫ్లు, కళ్లకు అద్దాలు పెట్టుకుని మావాడు యాభై తూటాలు కాల్చాడు. నేను వెనక నిలబడ్డాను.

వచ్చేముందు ఆవిడ ఒక కేబుల్ తాళం ఇచ్చింది. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద చాలా పోలీసు స్టేషన్లలో ఇవి ఉచితంగా దొరుకుతాయట. తూటాలున్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందితే ఇక్కడ నేరం. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలేనని చెబుతూ ఆవిడ గొంతు తగ్గించింది. ఆ ఒక్క క్షణం గడిచేదాకా తాళం అడ్డుపడితే మనిషి మిగులుతాడు అంది.

దారిలోనే నంబరు తాళమున్న సేఫ్ కొన్నాం. సాయంత్రం క్లోజెట్ గోడకు నాలుగు బోల్టులతో బిగించాడు. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం.

"నంబరెంత నానమ్మా?" అన్నాడు మనవడు.

"నాకు తెలీదు నాన్నా. చెప్పొద్దని మీ నాన్నతో నేనే అన్నాను."