ఫోటోకు అందని అడవి

ప్రకృతి ధ్వనులను సేకరించే బెర్నీ క్రాస్ 1988లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో, లింకన్ మెడో అనే పచ్చికబయలు దగ్గర తెల్లవారుజాము పక్షుల సందడిని రికార్డు చేశారు. తర్వాత అక్కడ చెట్లు కొట్టారు. అన్నీ కాదు, ఏరి ఏరి కొన్నే. అడవికేమీ కాదని కలప కంపెనీ నమ్మబలికింది. ఏడాదికి ఆయన మళ్లీ వెళ్తే కంటికి అంతా మునుపటిలాగే ఉంది. ఫోటో తీస్తే తేడా తెలియదు. మైకు పెడితే మాత్రం వాగు చప్పుడు, ఒక వడ్రంగిపిట్ట టకటకలు, అంతే. ఆ రెండు రికార్డింగులూ ఒకదాని వెంట ఒకటి వింటే గుండె బరువెక్కుతుంది నాకు.

ఆయన సేకరించిన ధ్వనులే 2016లో పారిస్‌లో కళాప్రదర్శన అయ్యాయి. మరుసటి ఏడు కార్చిచ్చులో ఆయన ఇల్లు కాలిపోయింది. నకళ్లు వేరేచోట ఉండబట్టి రికార్డింగులు బతికాయి. మన ఫోన్లలోనూ మైకు ఉంది. మన చెరువుగట్ల ఉదయాలను ఎందరం దాచాం?