వక్తృత్వ సంఘములో ఒక సాయంకాలము

హైదరాబాదు నగరమున, ఉద్యోగముల నుండి మరలి వచ్చిన స్త్రీపురుషులు పాతిక ముప్పదిమంది వారమున కొక సాయంకాలము సమావేశమగు టోస్ట్‌మాస్టర్స్ అను వక్తృత్వ సంఘమొకదానికి, అందు సభ్యుడైన మిత్రుని ఆహ్వానముపై, ఇటీవల అతిథిగా వెళ్లితిని. అచ్చట గురుపీఠము లేదు, ఉపాధ్యాయుడు లేడు. సభా బాధ్యతలను వంతులవారీగా పంచుకొని, ఒకరినొకరు వినుచు, ఒకరినొకరు దిద్దుకొనుచు సభ్యులే నడుపుకొను పాఠశాల యది.

ఈ పద్ధతికి మూలపురుషుడు రాల్ఫ్ స్మెడ్లీ. అమెరికాలో వై.ఎం.సి.ఎ. ఉద్యోగిగా పనిచేయుచు, నలుగురిలో లేచి మాటాడుటకును, సభ నడుపుటకును యువకులకు తగిన అభ్యాసము లేకుండుటను గమనించిన యాయన, 1924 అక్టోబరు 22వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా ఆనా పట్టణమున, వై.ఎం.సి.ఎ. భవనపు నేలమాళిగలో, ఈనాటి సంఘములన్నిటికి ఆద్యమైన సభను జరిపెను. స్త్రీలకు మాత్రము 1973 వరకు ఇందు సభ్యత్వము లేకుండెను. నేను చూచిన సభను ఆద్యంతము నేర్పుతో నడిపినది స్త్రీయే యగుటచేత, అర్ధశతాబ్దికి చేరువైన ఆ నిషేధము నా మనస్సును మరింత నొప్పించెను.

సభావిధానము క్లుప్తముగా చెప్పవచ్చును. సిద్ధపడి వచ్చినవారి ప్రసంగములు, అప్పటికప్పుడిచ్చిన విషయముపై ఒకటి రెండు నిమిషముల ఆశుప్రసంగములు, పిదప సిద్ధప్రసంగములపై తోటి సభ్యుల విమర్శ. ఒకరు గడియారము చూచుచు ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎఱ్ఱ కార్డులను వరుసగా ఎత్తి చూపుదురు; ఒకరు భాషాదోషములను గుర్తింతురు; వేరొకరు మాటల నడుమ దొరలు ‘ఆఁ’, ‘ఊఁ’, ‘అంటే’లను లెక్కించి కడపట చదివి వినిపింతురు.

నూతన సభ్యుడు చేయు తొలి ప్రసంగమునకు నాలుగు మొదలు ఆరు నిమిషముల వ్యవధి. విషయము అతని జీవితమే. ఈ నియమమున గొప్ప వివేకమున్నదని నా యభిప్రాయము. పరాయి విషయమును చెప్పువానికి అది మఱపునకు వచ్చునేమోయను భయమొకటి, సభను చూచిన భయమొకటి యుండగా, తన్ను గూర్చి చెప్పుకొనువానికి వీనిలో మొదటిది చాలవరకు తొలగును. అంతకంటె ముఖ్యముగా, ఒకడు తన బ్రతుకులోని కొంత భాగమును విశ్వాసముతో మన చేతిలో నుంచిన పిదప వానిని మనము పరాయివానిగా చూడజాలము.

ఆనాడు తొలి ప్రసంగము చేసినవాడు నత్తి గల యువకుడు. నత్తిగలవారికి తరచుగా తమ పేరు చెప్పుకొనుటయే మిక్కిలి కష్టమగును. బడిలో హాజరు పిలుచునప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అను రెండు మాటలు గొంతు దాటిరాక, ముందు వరుసలో కూర్చుండియు గైరుహాజరుగా లెక్కింపబడిన దినములను అతడు ఇంగ్లీషున వర్ణింప నారంభించి, తాను గమనింపకయే తెలుగులోనికి వచ్చెను. ఒకచోట మాట పూర్తిగా నిలిచిపోయెను. ఆ మాటను అందించుటకు ఎవ్వరును తొందరపడలేదు. జాలితో తల దించుకొన్నవారును లేరు. ఎంతసేపైనను వేచియుండగల నిశ్చింతతో సభ యంతయు అతనివంకనే చూచుచు వేచియుండెను. అయినను ఆరవ నిమిషము నిండగానే ఎఱ్ఱ కార్డు లేచినది. నాకది కఠినముగా తోచెను గాని, తేనీటివేళ ఆ యువకుడే నాతో, “నాక్కూడా అందరిలాగే రెడ్ కార్డు చూపించారండీ. అదే నాకు బాగా నచ్చింది” అనెను.

అతని ప్రసంగమును విమర్శించినది బ్యాంకులో పదవీవిరమణ చేసిన యొక పెద్దావిడ. ఆమె నత్తి ప్రసక్తియే తేలేదు. “బడి సంగతి కళ్లకు కట్టినట్టు చెప్పారు బాబూ. కానీ ఎడమపక్క కూర్చున్నవాళ్లను ఒక్కసారైనా చూడలేదు, మేమూ ఉన్నాం కదా!” అని మందలించి, ముగింపు తొందరపడినదని చెప్పి, మరల ఎప్పుడు మాటాడెదవని అడిగి తేదీ వ్రాసికొనెను. ఆమెయే అటుపిమ్మట టీ గ్లాసు చేతబట్టుకొని, కూతురి పెండ్లిలో నాలుగు మాటలు చెప్పుమని బంధువులడుగగా లేవలేక కూర్చుండిపోయిన తన సంగతిని ఆ యువకునకు చెప్పుచుండగా వింటిని. ముప్పదియేండ్లు కౌంటరు వెనుక వేలమందితో మాటాడిన మనిషి ఆమె!

ఇచ్చట ఎవరినిగాని చెప్పగోరని స్వవిషయమును చెప్పుమని నిర్బంధింపరు. ఈ మర్యాదను నేను ప్రాణప్రదముగా భావించుచున్నాను. చప్పట్ల కొఱకు దుఃఖమును ప్రదర్శించు అలవాటు ఏనాడు ప్రవేశించునో ఆనాడు సభ్యుల నడుమనున్న ఈ స్నేహము చెడిపోవును. మొగమాటముచేత విమర్శ మానుకొన్ననాడును అంతే.

ఇట్టి సభలకు మనము చోటును క్రొత్తగా వెదకనక్కరలేదు; మన పూర్వులు గ్రంథాలయములను పుస్తకములకే గాక సభలకును నిలయములుగా కట్టిరి. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, వేటపాలెమున సారస్వత నికేతనము 1918లోను వెలసినవి. పాఠకులారా, మీ యూరి గ్రంథాలయములో వారమున కొక సాయంకాలము ఒక గది నడిగి, పదిమందిని చేర్చి, గడియారమొకటియు మూడు రంగుల కార్డులును సమకూర్చుకొని, తెలుగుననే ఇట్టి సభ నారంభింపుడు. నత్తి గలవారిని, మొగమాటస్తులను, ఇల్లు దాటి మాటాడి యెఱుగని గృహిణులను ముందుగా పిలువుడు.