కన్నులు మూసికొని చేసిన పరీక్ష

మా అక్కయ్యకు డెబ్బది నాలుగు సంవత్సరములు. నాకు అక్షరాభ్యాసము చేయించినది మా తండ్రిగారే యైనను, కూడబలికి చదువుట నేర్పినది మాత్రము ఆమెయే. తెనాలి దాపున గల మా పల్లెలో, వంటయింటి గడప చెంత కూర్చుండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచు నాచేత చదివించెడిది. నేను తప్పు చదివినచోట తలయెత్తకయే “మళ్లీ” అనెడిది.

నీటికాసుల వ్యాధి ఆమె చూపును హరించినది. ఆ వ్యాధి చాలమందిలో నొప్పి యనునది పుట్టింపదు. చూపును అంచులనుండి లోనికి మెల్లమెల్లగా తినివేయుచు వచ్చును. పోయిన చూపు మరల రాదు. అక్కయ్య వైద్యుని యొద్దకు పోవునప్పటికే ఆలస్యమైనది. పత్రిక చదువుట మానివేసితినని ఆమె నాతో చెప్పలేదు. మడత విప్పని పత్రికలు నాలుగు అరుగుమీద పడియుండుట చూచి నేనే గ్రహించితిని.

“రేడియో పెట్టుకొనవచ్చును గదా” అంటిని. ఒకప్పుడు విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీగారు రామాయణ భారతములు చెప్పుచుండగా ఇంటిల్లిపాదియు కూర్చుండి వినెడివారము. ఆ ముచ్చట గుర్తు చేసితిని. అక్కయ్య నవ్వి, “అప్పుడు వాళ్లు చెప్పే వేళకు మనం కూర్చున్నాం. ఇప్పుడు నాకు నిద్రపట్టని వేళ అర్ధరాత్రి. ఆ వేళ నాకు కావలసినది ఎవరు చెప్తారు?” అనెను.

ఆ ప్రశ్నకు సమాధానమే పాడ్‌కాస్ట్. 2004లో ఈ పేరు పుట్టినది. ఐపాడ్ అను చిన్న సంగీత యంత్రము పేరులోని తోకను, ప్రసారమను అర్థము గల బ్రాడ్‌కాస్ట్ అను మాట తోకను కలిపి దీనిని కట్టిరి. బ్రాడ్‌కాస్ట్ అనగా మొదట రైతు చేనిలో విత్తనములు వెదజల్లుటయే. తెలుగు పండితునికి ఇట్టి మాటలు కనబడినప్పుడు ఒక నిమిషము ఆగక తప్పదు, మీరు మన్నింపవలెను. ఆ ఐపాడ్ తయారీ 2022లో నిలిచిపోయినది. పేరు మాత్రము నిలిచినది.

విద్యార్థులారా, ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. కార్యక్రమము వేరు, యాప్ వేరు. చెప్పువారు తమ ధ్వనిముద్రణమును ఇంటర్నెట్టులో ఒకచోట నుంచి, దాని జాడను ఆర్.ఎస్.ఎస్. అను జాబితాలో వ్రాయుదురు. మన ఫోనులోని యాప్ అప్పుడప్పుడు ఆ చిరునామాకు పోయి, క్రొత్తది వచ్చినదా యని చూచి తెచ్చును. తపాలా బంట్రోతు ఉత్తరము తెచ్చునే గాని వ్రాయడు గదా! బంట్రోతు మారినను ఉత్తరము అదియే. కొన్ని కార్యక్రములు మాత్రము ఒకే సంస్థ యాప్‌లో తప్ప దొరకవు. అట్టివానికి ఈ స్వేచ్ఛ లేదు.

ఈ భేదము నాకు తెలియకపోవుటచే ఒకమారు నష్టపడితిని. నేను ఉదయపు నడకలో వాడుచుండిన యాప్ 2024లో మూతపడినది. ముందుగా హెచ్చరించిరి, నేనే ఆ ప్రకటనను చదువక పక్కకు తోసితిని. ముప్పదికి పైగా కూర్చుకొన్న కార్యక్రముల పట్టిక దానితోనే పోయినది. ఆ పట్టికను ఓ.పి.ఎం.ఎల్. అను రూపమున దాచుకొని, మఱియొక యాప్‌లోనికి మార్చుకొనవచ్చునని తరువాత తెలిసినది. కావున అక్కయ్యకు యాప్ వెదకునప్పుడు, పట్టికను బయటికి తీసికొనిపోనిచ్చునా యని మొట్టమొదట చూచితిని.

ఐఫోను వారికి 2014లో వచ్చిన ఓవర్‌కాస్ట్ కలదు. ఆపిల్ వారిదే యొకటి ఫోనుతోనే వచ్చును. అక్కయ్యది ఆండ్రాయిడ్ ఫోను. నేను నా ఫోనులో నాలుగు యాప్‌లు దించుకొని, టాక్‌బ్యాక్ అను సదుపాయమును తెరచి, కన్నులకు కండువా కట్టుకొని కూర్చుంటిని. టాక్‌బ్యాక్ పనిచేయునప్పుడు వ్రేలు తెరపై మోపినచో అచ్చటనున్న దానిపేరు ఫోను పలుకును. రెండుమార్లు తట్టినచో ఆ పని జరుగును. అయితే యాప్ చేసినవారు ప్రతి మీటకును పేరు వ్రాసి యుంచిననే అది పలుకగలదు. ఒక యాప్ తెరపై నేను ఏడు చోట్ల వ్రేలు మోపితిని. ఏడు చోట్లను “బటన్” అనియే పలికినది. కన్నులున్నవారికి అది మిక్కిలి అందమైన యాప్! మఱియొకటి తెరువగానే ప్రకటన యొకటి తెరనిండ పరచుకొన్నది. దానిని మూయు గుర్తు ఎచ్చటనున్నదో వెదకి వెదకి విసిగి కండువా విప్పితిని. అక్కయ్యకు విప్పుటకు కండువా లేదు గదా యని తోచి, కొంతసేపు ఆ ఫోను ముట్టుకొనలేకపోతిని.

మూడవది ఆంటెనాపాడ్. 2012లో ఆరంభమై, స్వచ్ఛందముగా పనిచేయువారి చేతులమీదుగా నడచుచున్నది. సొమ్మడుగదు, ఖాతా తెరువుమనదు, తాను ప్రకటనలు చూపదు. ముఖ్యమైన మీటలన్నియు పేరు పలికినవి. నాలుగవది కూడ మంచిదే గాని, ఈ-మెయిలు, రహస్యపదము మొదలగునవి అక్కయ్యకు బరువని విడిచితిని.

పల్లెలో సాయంకాలమైన పిదప సిగ్నలు నిలువదు. కావున వేకువనే దించుకొని యుంచుట మేలు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ముద్రించిన గంట ప్రసంగము 29 మెగాబైట్లకు మించదు. ఇరువది ప్రసంగములైనను ఫోనుకు భారము కాదు. నిద్రపట్టిన తరువాత దానంతట అదియే ఆగుటకు గడియ పెట్టితిని. మాటల నడుమ మౌనమును కత్తిరించి త్వరగా వినిపించు ఏర్పాటొకటి కలదు, దానిని తాకలేదు. కథలో ఎచ్చట ఆగవలెనో ఎరిగి ఆగినవానిని తొందరపెట్టుట నాకు నచ్చదు.

ఆదివారమున పల్లెకు పోయి, “నేను పెట్టి యిచ్చెదను, నీవు విను” అంటిని. అక్కయ్య ఫోను నా చేతినుండి లాగికొని, “నువ్వు పెడితే నీ ఇష్టం వింటాను. నేను పెట్టుకొంటే నా ఇష్టం వింటాను. నేర్పు” అనెను. ఫోను ఆంగ్లములో నుండుటచే పది మాటలు వల్లెవేసినది. నేను తొందరపడి ఆమె వ్రేలు పట్టుకొని చూపబోగా చేయి విదలించినది. ఆమె తప్పు మీటపై తట్టినప్పుడెల్ల నా నోట “మళ్లీ” అను మాట వెలువడెడిది. మూడవసారి అనినప్పుడు ఇరువురము నవ్వితిమి.

నేను ఐదు కార్యక్రములు చేర్చి వచ్చితిని. పదునైదు దినముల పిమ్మట మరల పోయి చూడగా నాలుగే యున్నవి. ఫోను చెడినదేమో యని కంగారుపడితిని. “అది నేనే తీసేశాను. రెండుసార్లు తట్టి నొక్కిపట్టితే తీసేయమంటావా అని అడిగింది, తీసేయమన్నాను” అని అక్కయ్య నెమ్మదిగా చెప్పినది. ఆ తీసివేసినది నేను ఎంతో ముచ్చటపడి ఏరి చేర్చిన ఛందస్సు పాఠములు.