ఎనిమిది గణాల తాళంచెవి

కంప్యూటరుకూ నాకూ వున్న చుట్టరికం పెద్దది కాదు. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవచ్చునని 2019లో ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. తెచ్చిననాడు మా అమ్మాయి దాన్ని ముందేసుకుని కూర్చుని, ఏవేవో ఖాతాలు తెరిచి, "ఇక వాడుకో నాన్నా" అంది. వాడుకున్నాను. దాని పుట్టుపూర్వోత్తరాలు ఏనాడూ విచారించలేదు.

అందులో ప్రశ్నపత్రాలే వుంటే యీ కథ రాయవలసిన పనే లేకపోను. 2021లో మా అమ్మచేత పాత కబుర్లు చెప్పించి, రికార్డు చేసి, అందులో దాచాను. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటిన రాత్రి సంగతి కూడా వుంది. అప్పటికి నాకు నాలుగేళ్లు. తలుపుకు అడ్డంగా రోలు దొర్లించి, నన్ను భోషాణం మీద కూర్చోబెట్టి, తెల్లవార్లూ తాను నీళ్లలో నిలబడే వుందట. చెబుతూ చెబుతూ "ఇంక చాల్లే అబ్బయా" అని ఆగిపోతుంది. అమ్మ 2023లో పోయింది. ఆ గొంతుకు రెండో ప్రతి లేదు.

ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు. బ్రౌను దొరగారు కడపలో పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించిన సంగతి ఏటా తరగతిలో గొంతెత్తి చెప్పేవాణ్ణి నేనే. నకలు లేని గ్రంథం చెదపురుగుల సొత్తు అని పైన ఒక చమత్కారం కూడాను. పిల్లలు పాపం రాసుకునేవారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి మామూలు సహాయం ముగుస్తుందన్నారు. పదకొండుకు మారమని తెర రోజూ అడుగుతూ వుంటే, ఒక ఆదివారం రాత్రి సరేనన్నాను. శాతాలు మెల్లగా పైకి పాకుతున్నాయి. అరవై దాటేసరికి నాకు నిద్ర ముంచుకొచ్చింది. మా గదిలో పనిచేసే సాకెట్టు ఒక్కటే. గూడూరు దోమల సంగతి గూడూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి దోమలమందు పెట్టుకుని పడుకున్నాను. దాని బ్యాటరీ ముసలిది, పావుగంటైనా నిలవదు. నిద్రమత్తులో చేశానని మా ఆవిడతో అన్నాను గాని, మత్తేమీ లేదు. బద్ధకం.

తెల్లవారి మీట నొక్కితే నీలం తెర ప్రత్యక్షమైంది. 48 అంకెల రికవరీ కీ చెప్పమన్నది!

రిపేరు షాపు అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అటూ ఇటూ తిప్పి చూసి, "డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడుండాది సార్. ఊడదీసి ఇంకో దానికి తగిలించినా ఒక్క ముక్క అర్థం కాదు. ఫార్మాట్ కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు.

"లోపలున్నవో?"

"పోతాయి సార్."

నా మొహం చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఖాతా తెరిచిందెవురు సార్? తాళంచెవి ఒక్కోసారి ఆ ఖాతాలో దాచి వుంటాది."

చెన్నైలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోను చేశాను. తిట్టలేదు. "నాన్నమ్మ మాటలన్నీ అందులోనేనా?" అని మాత్రం అడిగింది. క్లాసు కాగానే చూస్తానంది. మూడు గంటలు ఆ షాపు స్టూలు మీద కూర్చుని, నిమ్మకాయల లారీలు ఎన్ని పోయాయో లెక్కపెట్టాను. లెక్క రెండుసార్లు తప్పింది.

ఫోను రానే వచ్చింది. తెర మీది గుర్తింపు సంఖ్యలో మొదటి ఎనిమిది అక్షరాలు చదవమంది. ఖాతాలో రెండు తాళంచెవులున్నాయట, ఒకటి సరిపోయింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ఖండాలు. సీసపద్యం పాదానికీ ఎనిమిది గణాలే కదా అని, ప్రాణం గొంతులో వున్న ఆ సమయంలోనూ తోచింది. వృత్తి అటువంటిది. తను చదువుతూ వుంటే నేను కొడుతున్నాను. అయిదో ఖండం దగ్గర యంత్రం ఒప్పుకోలేదు. నా చేతులు వణికాయి.

"ఏం కాదు సార్" అన్నాడు అబ్బాయి. ప్రతి ఖండమూ 11తో శేషం లేకుండా భాగింపబడాలట. ఒక్క అంకె తప్పినా అక్కడికక్కడే పట్టేస్తుందట. ఎమ్.ఏ.లో మా గురువుగారు గణభంగం పట్టినట్టే! రోడ్డు మీద లారీ హారను మోతలో "నైన్" అన్నది నాకు "ఫైవ్"గా వినబడింది. దిద్దాను. ఎనిమిదీ నిండాయి.

పాత విండోస్‌ను తిరిగి నిలబెడుతున్నానని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. అది పోయేదాకా ప్లగ్గు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చివరికి మా పాత తెర, దాని మీద "అమ్మ" అన్న ఫోల్డరు కనిపించాయి. తుపాను రాత్రి సంగతి పెట్టాను. అబ్బాయి పని ఆపి నిలబడి విన్నాడు. "ఇంక చాల్లే అబ్బయా" దగ్గర అది ఆగింది.

"మా అవ్వ కూడా ఆ రాత్రి తలుపుకు రోలే పెట్టిందంట సార్" అన్నాడు.

రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకుని, మూడో ప్రతి మా అమ్మాయికి పంపించి, అప్పుడు షాపులోంచి లేచాను. గదిలో ఇంకొక సాకెట్టు పెట్టమని ఎలక్ట్రీషియనుకు ఆ సాయంత్రమే కబురు చేశాను. రేపు వస్తానన్నాడు. ఇంకా రాలేదు.