ఖాళీదే అనుకున్నాను

తుపాకీ ప్రమాదాల వార్తలు చదివే అలవాటు నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఊరు మారుతుంది, మనిషి మారతాడు, తుపాకీ రకం మారుతుంది. ఒక్క వాక్యం మాత్రం మారదు. "ఖాళీదే అనుకున్నాను." దయ్యాల గురించీ, బాబాల గురించీ, వాస్తు గురించీ మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. ఈ వాక్యాన్ని కూడా వాటి పక్కనే చేర్చాలని నా అభిప్రాయం. ఆధారం చూడకుండా పెట్టుకున్న నమ్మకమే కదా ఇది కూడా. మిగతా మూఢనమ్మకాలు మనిషిని మెల్లగా పాడుచేస్తాయి, ఇది క్షణంలో ప్రాణం తీస్తుంది.

ముందుగా నా అర్హత ఏమిటో చెప్పాలి. నేను బి.కాం. చదివి రక్షణ ఖాతాల శాఖలో చేరి, 38 ఏళ్ళు జమాఖర్చులు చూసి రిటైరయినవాణ్ణి. సైనికుణ్ణి కాను. నాకు తుపాకీ లేదు, లైసెన్సుకి ఎన్నడూ అర్జీ పెట్టలేదు. కానీ స్టోర్స్ ఆడిట్‌కి వెళ్ళినప్పుడల్లా మందుగుండు లెడ్జర్లు నా చేతికి వచ్చేవి. ఎన్ని తూటాలు తీసుకున్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని పేలకుండా మిగిలాయి, ఎన్ని ఖాళీ తొడుగులు వెనక్కి జమ చేశారు. కాల్చిన తూటాకి తొడుగు తిరిగి రావాలి. వాటిని అక్కడివాళ్ళు 'ఖోఖా' అంటారు. ఒక్క ఖోఖా లెక్క తగ్గితే రేంజిలో గడ్డి అంతా వెతుకుతారు. రేంజి నుంచి బయటికి వచ్చేటప్పుడు తన దగ్గర బతికున్న తూటా గానీ ఖాళీ తొడుగు గానీ లేదని ఎన్.సి.సి. కుర్రాడు సైతం నిలబడి చెప్పాలి. తుపాకీ ఖాళీ చేశాక దాని గది తెరిచి ఇంకొకరికి చూపించాలి.

మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించేది. తరవాత అర్థమయింది, ఇది మా అకౌంట్స్ సూత్రమేనని. పద్దు రాసినవాడే దాన్ని తనిఖీ చేయకూడదు. "నేను చూశాను, సరిగ్గానే ఉంది" అనే మాట ఆడిట్‌లో సాక్ష్యం కాదు. మనిషి నిజాయితీపరుడే కావచ్చు, కానీ అతని జ్ఞాపకం నిజాయితీ గలదని ఎవరు హామీ ఇస్తారు?

తుపాకీ విషయంలో జ్ఞాపకం ఎలా మోసం చేస్తుందో చూడండి. పిస్తోలులో తూటాలు రెండు చోట్ల ఉంటాయి. పిడిలో ఉండే మ్యాగజైన్‌లో కొన్ని, గొట్టం వెనక ఉండే గదిలో ఒకటి. మ్యాగజైన్ బయటికి తీయగానే చాలామంది తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు. గదిలో ఉన్న తూటా అక్కడే ఉంటుంది. ఇంకొందరు పైనున్న స్లైడును ముందు వెనక్కి లాగుతారు. గదిలో తూటా బయట పడుతుంది, కంటికి కనిపిస్తుంది, తృప్తి కలుగుతుంది. స్లైడు ముందుకు వెళ్ళేటప్పుడు మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని గదిలోకి తోసుకుపోతుంది. ఆ తరవాత మ్యాగజైన్ తీసి పక్కన పెడతారు. ఇప్పుడు ఆ మనిషి దృష్టిలో తుపాకీ రెండుసార్లు ఖాళీ అయింది. నిజానికి నిండుగా ఉంది. చేసిన పనులు రెండూ సరైనవే, వరస మాత్రం తప్పింది. ముందు మ్యాగజైన్ తీయాలి, తరవాత స్లైడు లాగాలి, ఆపైన గదిలోకి కంటితో చూడాలి, చీకట్లో అయితే వేలు పెట్టి చూడాలి. అన్నీ కలిపి అయిదు సెకన్లు పట్టదు. 2024లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి ఒకరు తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయినట్టు పత్రికల్లో వచ్చింది. శుభ్రం చేస్తుండగా పేలింది అని చదివినప్పుడల్లా నాకు ఈ అయిదు సెకన్లే గుర్తొస్తాయి.

జెఫ్ కూపర్ అనే అమెరికన్ మెరైన్ మాజీ అధికారి నాలుగు సూత్రాలను ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి తుపాకీ నిండుగా ఉన్నట్టే భావించు. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ఒక సూత్రం తప్పినా మిగతావి కాపాడతాయి. ప్రాణం పోవాలంటే సాధారణంగా రెండు మూడు సూత్రాలు ఒకేసారి తప్పాలి. అందుకే ఇలాంటి వాటిని ప్రమాదం అనడానికి నా మనసు ఒప్పదు.

1994 ఫిబ్రవరిలో నేను మీరట్‌లో పనిచేస్తున్నప్పుడు మా ఆఫీసులో ఒక మిత్రుడి ఇంట పెళ్ళికి వెళ్ళాను. ఉత్తరాదిన పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి తుపాకులు కాల్చడం గొప్పతనానికి గుర్తు. మిత్రుడి బావమరిది రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ తెచ్చాడు. లైసెన్సు ఉన్నదే. ఒక గొట్టం పైకి కాల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తుపాకీ కిందికి దించి, వేలు రెండో ట్రిగ్గర్ మీదే ఉంచి, పక్కవాడితో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. రెండో గొట్టం పేలింది. నెత్తిన దీపాలు మోస్తున్న కుర్రాడొకడు కూలిపోయాడు. పద్నాలుగు పదిహేనేళ్ళుంటాయి. రవ్వలన్నీ పిక్కలో దిగాయి. బతికాడు గానీ ఆ కాలు మళ్ళీ సరిగ్గా పడలేదు. పెళ్ళివారిలో ఒక్కరికి కూడా వాడి పేరు తెలియదు.

ఆసుపత్రి వరండాలోనే వివరణలు మొదలయ్యాయి. దిష్టి తగిలిందన్నారు ఆడవాళ్ళు. వాడి రాత అన్నాడొక పెద్దాయన. ఛాతీకి తగలకుండా దేవుడు కాపాడాడు అన్నారు ఇంకొకరు. కాలికి తగలనిచ్చింది ఎవరు అని అడగాలనిపించింది, కానీ అది సమయం కాదు. మన హేతువాదం వాదనలో గెలవడానికి కాదు కదా. ఒకటి మాత్రం గమనించాను. ఈ వివరణల్లో ఏ ఒక్కదానిలోనూ వేలు లేదు. దిష్టి ఉంది, రాత ఉంది, దేవుడున్నాడు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన మనిషి మాత్రం లేడు.

మర్నాడు మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. "రావ్ సాబ్, మీరు దగ్గర్లో ఉన్నారు. తుపాకీ జారి కిందపడి దానంతటదే పేలిందని చెప్పండి చాలు. ఇంకేం అడగను" అన్నాడు. మంచివాడు. మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు రెండు రాత్రులు మాతో మేలుకున్నవాడు. చెప్పలేనన్నాను. పోలీసులు అడిగినప్పుడు తుపాకీ కింద పడలేదని, చేతిలోనే ఉందని, వేలు ఎక్కడుందో కూడా చెప్పాను. చివరికి ఆ కుటుంబానికి కొంత డబ్బు ముట్టింది, రాజీ కుదిరింది. మిత్రుడు మాత్రం నాతో మాట్లాడడం మానేశాడు. ఒకే సెక్షన్‌లో పక్కపక్క బల్లల మీద రెండేళ్ళు పనిచేశాం. ఆ మౌనం ఎంత బరువో ఇప్పటికీ చెప్పలేను. కానీ "దానంతటదే పేలింది" అని నేను సంతకం పెట్టి ఉంటే, లెక్కలో ఆ కుర్రాడి కాలు ఏ పద్దు కింద రాయాలి?

గాలిలోకి కాల్చితే ఏమీ కాదనే నమ్మకం ఇంకొకటి. పైకి వెళ్ళిన గుండు కిందికి రావలసిందే. జూలియన్ హాచర్ అనే అమెరికన్ సైనికాధికారి తన పరీక్షల వివరాలు రాశాడు. నిట్టనిలువుగా కాల్చిన రైఫిల్ గుండు తిరిగి పడేటప్పుడు సెకనుకు సుమారు 300 అడుగుల వేగంతో వస్తుంది. గాలి నిరోధం వల్ల అంతకు మించదు. అయినా తలకు తగిలితే ప్రాణాంతకం కావడానికి అది చాలు. పెళ్ళిలో ఊగుతున్నవాడు నిట్టనిలువుగా కాల్చడు, ఏటవాలుగా కాలుస్తాడు. అప్పుడు గుండు అంతకన్నా ఎక్కువ వేగంతో ఎక్కడో దూరంగా దిగవచ్చు. 1999లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో తన ఇంటి పెరట్లో ఉన్న 14 ఏళ్ళ అమ్మాయి ఇలాంటి గుండుకే బలయింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం నగరాల్లో నిర్లక్ష్యంగా తుపాకీ పేల్చడాన్ని పెద్ద నేరంగా చేసింది.

మన దగ్గర చట్టం ఆలస్యంగా కదిలింది. 2016 నవంబరులో హర్యానాలోని కర్నాల్‌లో ఒక పెళ్ళికి వచ్చిన సాధ్వి బృందం జరిపిన కాల్పుల్లో పెళ్ళికొడుకు బంధువు చనిపోయిందని వార్త. ఆ మరుసటి నెలలో పంజాబ్‌లోని బఠిండా జిల్లాలో వేదిక మీద నాట్యం చేస్తున్న అమ్మాయి చనిపోయింది. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఉత్సవ కాల్పులు ప్రత్యేక నేరమయ్యాయి. రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు కూడా మూడు నుంచి రెండుకి తగ్గాయి. అంతకు ముందే 2016 నిబంధనలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. ఉత్తరాఖండ్‌కి చెందిన ఒక కేసులో పెళ్ళింట కప్పు వైపు కాల్చిన రవ్వలు తగిలి ఇద్దరు చనిపోతే, అది ఉత్త ప్రమాదమన్న వాదనను సుప్రీం కోర్టు 2020లో అంగీకరించలేదు. హత్య కాకపోయినా శిక్షార్హమైన నరహత్యే అంది. జనం మధ్యకు నిండు తుపాకీ తెచ్చినవాడికి ఏం జరగవచ్చో తెలిసే ఉండాలన్నది అందులోని తర్కం. దిష్టికీ రాతకీ అక్కడ చోటు లేదు.

మరి ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ ఉంటే మంచిది కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క చూద్దాం. అమెరికాలోని కింగ్ కౌంటీలో ఆరేళ్ళ కాలంలో తుపాకీ ఉన్న ఇళ్ళలో జరిగిన 398 తుపాకీ మరణాలను కెల్లర్‌మన్, రే అనే ఇద్దరు వైద్యులు పరిశీలించి 1986లో ప్రచురించారు. ఆత్మరక్షణ కోసం చంపినవి 9. పొరపాటున పేలి పోయినవి 12. ఆత్మహత్యలు 333. దొంగను చంపకుండా బెదిరించి తరిమిన సందర్భాలు ఈ లెక్కలోకి రావని విమర్శకులు అన్నారు. ఆ మాట నిజమే, ఆడిటర్‌గా నేనూ ఆ అభ్యంతరం రాస్తాను. కానీ ఆ 333 సంఖ్యను ఏ అభ్యంతరమూ చెరిపేయలేదు. నిరాశ కొన్ని గంటల్లో దిగిపోవచ్చు, అంతదాకా చేతికి తుపాకీ అందకపోతే మనిషి మిగులుతాడు.

పిల్లలకు చెప్పి ఉంచితే ముట్టుకోరనే నమ్మకాన్ని కూడా పరీక్షించారు. 2001లో ప్రచురించిన ఒక అమెరికన్ ప్రయోగంలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలను రెండు ముగ్గురు చొప్పున 29 జట్లుగా ఒక గదిలో వదిలారు. సొరుగులో గుండ్లు లేని అసలు పిస్తోలు దాచారు. 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు చేత్తో పట్టుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది తుపాకీ జాగ్రత్తలు ముందే విన్నవాళ్ళే. కాబట్టి ఉపదేశం సరిపోదు, తాళం కావాలి. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకో చోట, రెండింటికీ వేరువేరు తాళాలు.

మన తెలుగు జిల్లాల్లో పెళ్ళి కాల్పుల అలవాటు లేదు, అది మన అదృష్టం. అయితే మనకు సంబంధం లేదనుకోకండి. ఈసారి బ్యాంకుకి వెళ్ళినప్పుడు గేటు దగ్గర గార్డుని చూడండి. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద పన్నెండు బోరు అడ్డంగా పెట్టుకుంటే గొట్టం ఎవరివైపు ఉందో చూడండి. సాధారణంగా పెన్షన్ వరుసలో నిలబడ్డ ముసలివాళ్ళ నడుము వైపు ఉంటుంది. ఆయన్ని తప్పుపట్టకండి. చాలీచాలని జీతం, పన్నెండు గంటల డ్యూటీ, పాత తుపాకీ. "అన్నా, గొట్టం కాస్త కిందికి పెట్టు" అని మర్యాదగా చెప్పండి. నేను చెబుతుంటాను. ఎవరూ కోప్పడలేదు. కొందరు మాజీ సైనికులైతే నవ్వి, సరిచేసుకుని, నన్ను ఏ రెజిమెంటు అని అడిగారు.

ఆయుధపూజ సంగతి కూడా చెప్పాలి. కొడగు వాళ్ళు కైల్‌పొద్ పండగనాడు తుపాకులను తుడిచి, పువ్వులు పెట్టి పూజిస్తారు. వాళ్ళకు లైసెన్సు మినహాయింపు కూడా ఉంది, 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ సంప్రదాయంలో తుడవడం అనే భాగాన్ని నేను గౌరవిస్తాను. తుప్పు పట్టని తుపాకీ, లోపల చూసిన గొట్టం, ఇవి మేలు చేస్తాయి. పువ్వు మేలూ చేయదు, కీడూ చేయదు. పూజ చేశాం కాబట్టి ఏమీ కాదనుకోవడం దగ్గరే కీడు మొదలవుతుంది. అది కొడగులోనైనా, మన దసరాకి లారీకి నిమ్మకాయలు తొక్కించి బ్రేకులు చూసుకోని చోటైనా ఒకటే.

మీ బంధువుల్లో లైసెన్సు తుపాకీ ఉన్నవారెవరైనా ఉంటే వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. తాళం ఎక్కడుంది? తూటాలు ఎక్కడున్నాయి? గది తెరిచి ఆఖరిసారి ఎప్పుడు చూశారు? మూడోదానికి "అది ఖాళీదేలే" అని జవాబు వస్తే, మర్యాదకి ఊరుకోకండి. ఎదురుగా తెరిచి చూపించమనండి. కాసేపు నొచ్చుకుంటారు, అంతే.