పొక్కు ఉండగానే చూపించుకోండి

నెగడు దగ్గరికి ఇంకాస్త జరగండి. ఈ మంట చుట్టూ పోడు గొడవల నుంచి పెళ్లి సంబంధాల దాకా అన్నీ మాట్లాడుకుంటాం. గజ్జల దగ్గర, ఆ చోట, ఉన్నట్టుండి లేచిన పొక్కు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరికి వాళ్లు రాత్రంతా ఫోన్లో బొమ్మలు చూసుకుంటూ హెర్పీసేనని వణికిపోతారు. అందుకే నేనే ఎత్తుతున్నాను.

హెర్పీస్ అనే వైరస్ జబ్బు మామూలుగా కలయిక జరిగిన రెండు నుంచి పన్నెండు రోజుల్లో బయటపడుతుంది. సన్నటి నీటిపొక్కులు గుంపుగా లేచి, మంటపెట్టి, చితికి పుండ్లవుతాయి. గజ్జల్లో బిళ్లలు కడతాయి. చాలామందికి ఇంత స్పష్టంగా కనపడదు. వైరస్ ఏళ్ల తరబడి నరాల్లో దాగి ఉండి ఎప్పుడో పైకి తేలొచ్చు. కాబట్టి ఇవాళ పొక్కు లేచిందని భార్యనో భర్తనో అనుమానించకండి, ఆ ఒక్క మాటతో కాపురాలు కూలతాయి.

ఒంటి పొక్కయితే వెంట్రుక కుదురు చీము పట్టి ఉండొచ్చు, గజ్జి గడ్డ కావచ్చు, పులిపిరి కావచ్చు. నొప్పిలేని పుండు సవాయి (సిఫిలిస్) కూడా కావచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

భద్రాచలం అడవి అంచున బతికే మనకు ఇంకొకటుంది. పొదల్లో తిరిగొచ్చిన మనిషిని కంటికి ఆనని నల్లిలాంటి పురుగు కుడుతుంది. బట్ట బిగుతుగా ఉండే గజ్జలూ చంకలూ దానికి ఇష్టం. అక్కడ బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, నొప్పి ఉండదు. పది రోజుల్లోపు జ్వరం, తలనొప్పి. అదే స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రకు లొంగుతుంది. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. సిగ్గుపడి ఆ మచ్చ చూపించకపోతే డాక్టరు మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాసుకుంటూ కూర్చుంటాడు. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే.

అందుకే పొక్కు పచ్చిగా ఉండగానే వెళ్లండి. ఎండిపోయాక చూపిస్తే తేల్చడం కష్టం. తాజా పొక్కు రసం తీసి పరీక్షిస్తేనే హెర్పీస్ గట్టిగా తెలుస్తుంది. హెర్పీస్‌కు చేసే రక్తపరీక్ష ఆ పొక్కు దేనిదో చెప్పలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే అసలు రూపమే మారిపోతుంది. ఖమ్మం లాంటి జిల్లా కేంద్రాల పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. మందులు ఉచితం, విషయం గుట్టుగా ఉంచుతారు. హెర్పీస్ పుండ్లకు అక్కడ ఇచ్చేది ఎర్ర కిట్టు, అందులో ఉండేది ఎసైక్లోవిర్. వైరస్‌ను వెళ్లగొట్టదు గానీ పుండ్లు త్వరగా మానేలా చేస్తుంది. ముందు ఫోన్లో అడగాలంటే 1097కు చేయండి, డబ్బు పడదు.

ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 50 కోట్ల మందికి పైగా హెర్పీస్ వైరస్‌లో రెండో రకం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా. వాళ్లలో ఎక్కువమంది పనులు చేసుకుంటూ, పిల్లల్ని కంటూ బతుకుతున్నారు. గర్భిణులు మాత్రం పొక్కు కనపడిన రోజే నర్సమ్మకు చెప్పండి. నెలలు నిండే రోజుల్లో మొదటిసారి సోకితే కాన్పులో బిడ్డకు ప్రమాదం, ముందే తెలిస్తే డాక్టర్లు కాపాడే దారి చూస్తారు.